తీపి కోరికకు చూయింగ్ గమ్ విరుగుడా? చక్కెర గిరాకీపై ప్రభావం ఎంత?

చక్కెర ధర ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అని అడిగితే వర్తకులు చెప్పే కారణాలు అందరూ ఎరిగినవే. మహారాష్ట్రలో వానలు, ఉత్తరప్రదేశ్ మిల్లుల రికవరీ, నెలనెలా కేంద్రం విడుదల చేసే అమ్మకపు కోటా, ఎగుమతులపై ఆంక్షలు, ఇథనాల్‌కు మళ్ళిన చెరకు రసం. ఈ వరుసలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన సీసాలో వుండే చూయింగ్ గమ్ బిళ్ళకు చోటు లేదు. చిల్లర లేనప్పుడు రూపాయికి బదులుగా చేతిలో పెట్టే సరకుగానే దానికి గుర్తింపు. అయితే తీపి మీదికి మనసు పోయినప్పుడు చక్కెర లేని గమ్ ఒకటి నోట్లో వేసుకుంటే ఆ కోరిక సర్దుకుంటుందన్న మాట ఇటీవలి సంవత్సరాలలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఇందులో నిజమెంత, నిజమే అయితే ఏ సరకుకు లాభం, ఏ సరకుకు నష్టం అన్నది పరిశీలించదగిన సంగతి.

ఇది కేవలం వైద్యులకు వదిలివేయదగిన విషయం కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం వున్నది. మరో 13.6 కోట్ల మంది ఆ వ్యాధి అంచున వున్నారు. దేశంలో చక్కెర వాడకం సాలీనా సుమారు 280 లక్షల టన్నులు, అంటే తలకు 20 కిలోలు. బెల్లం, ఖండసారి లెక్క దీనికి వేరు. పాతిక కోట్ల మందికి దగ్గర దగ్గరగా ఒకే సరకు వాడకాన్ని తగ్గించుకోవలసి వచ్చినప్పుడు, వారు చేతికి తీసుకునే ప్రత్యామ్నాయం ఏదైనా సరే, బజారు దానిని గమనించక తప్పదు.

పరీక్షలలో తేలినది

బ్రిటన్‌లో 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ విషయంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. మధ్యాహ్న భోజనం పెట్టిన తరువాత కొందరికి గంటగంటకు కొద్దిసేపు గమ్ నమలడానికి ఇచ్చి, తరువాత తీపివి, ఉప్పువి చిరుతిళ్ళు ముందు పెట్టి, ఎవరు ఎంత తిన్నారో తూచారు. గమ్ నమిలినవారు సగటున 36 కేలరీల మేరకు తక్కువ తిన్నారు. ఆకలి, ప్రత్యేకించి తీపి తినాలన్న కోరిక తగ్గినట్లు కూడా చెప్పారు. ఆ పరిశోధకులలో ఒకరు మరొకరితో కలసి 2011లో చేసిన పరీక్షలో చిరుతిండి వాడకం పదింట ఒక వంతు తగ్గినట్లు తేలింది. ఈ రంగంలో జరిగే పరిశోధనలకు గమ్ కంపెనీల ధనసహాయం వుండడం కద్దు. కనుక ఫలితాలను ఆ దృష్టితోనే చూడవలసివుంటుంది.

36 కేలరీలు అంటే 9 గ్రాముల చక్కెర. రెండు చెంచాలు. కాస్త తీపిగా తాగేవారు కప్పు టీలో వేసుకునేంత. ఇది గొప్ప సంఖ్య కాదు, కొట్టిపారవేయదగినదీ కాదు.

ఇది ఎలా జరుగుతుందన్న దానికి కారణాలు సామాన్యమైనవే. నోటికి పని దొరుకుతుంది. లాలాజలం ఊరుతుంది. సార్బిటాల్, జైలిటాల్ వంటి పదార్థాల వల్ల నాలుకకు తీపి తగులుతుంది గాని రక్తంలో చక్కెర అంతగా పెరగదు. తీపి కోరిక సాధారణంగా కాసేపు నిలిచి పోయేదే. ఆ కాసేపు గడిపించడమే గమ్ చేసే మేలు. పైగా పుదీనా రుచి నోట్లో వున్నప్పుడు మిఠాయి రుచించదు. సిగరెట్టు మానదలచినవారికి అమెరికాలో 1984 నుంచి అమ్ముతున్న నికోటిన్ గమ్‌కు దీనికి పోలిక పైకి కనిపించేదే గాని, లోన వేరు. అందులో మందు వున్నది. ఇందులో మందు లేదు, నమలడమే మందు.

నాణేనికి రెండవ వైపు కూడా వున్నది. అమెరికాలో 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బరువు ఎక్కువగా వున్న 201 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత రోజుకు గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు గమ్ నమిలించారు. బరువులో చెప్పుకోదగిన తేడా రాలేదు. 2013లో వెలువడిన మరొక అధ్యయనం ఇంకా చిత్రమైన సంగతి తెలిపింది. పుదీనా గమ్ నమిలినవారు తిన్న సార్లు తగ్గినవి గాని, తిన్నప్పుడు ఎక్కువగా తిన్నారు. పళ్ళు తగ్గించి ఆలుగడ్డ చిప్స్ వైపు మొగ్గారు. పళ్ళు తోముకున్న వెంటనే కమలా తొన నోట్లో వేసుకున్నవారికి ఇందులో వింత అగుపించదు. నమలడం వల్లనే ఒళ్ళు కరుగుతుందని ఆశించడం కూడా వట్టిదే. గంటసేపు ఆపకుండా నమిలితే ఖర్చయ్యేది 11 కేలరీలని 1999లో కొలిచి చెప్పారు. దవడకు నొప్పి తప్ప నడుముకు ప్రయోజనం లేదు.

మొత్తం మీద తేలేదేమంటే, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ బిస్కట్టుకో మిఠాయికో చెయ్యి పోకుండా ఆపడానికి గమ్ పనికివస్తుంది. భోజనానికి బదులుగా గాని, వైద్యానికి బదులుగా గాని పనికిరాదు.

సపోటా పాల నుంచి పెట్రోలియం దాకా

గమ్ అనగానే మన వర్తకులకు గుర్తుకు వచ్చేది తుమ్మ బంక, తపసి బంక. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ మన్యంలో సేకరించే సరకులలో తపసి బంక పేరుమోసినది. కాని నమిలే గమ్‌కు, దీనికి సంబంధం లేదు. తపసి బంక నీటిలో ఉబ్బుతుంది. నమిలే గమ్ నీటిలో కరగకూడదు, ఉబ్బకూడదు, గంటసేపు పళ్ళ మధ్య నలిగినా అలాగే వుండాలి.

అటువంటి గుణం గల సరకు సపోటా చెట్టు పాలు. మన తోటలలోని సపోటా చెట్టుకు పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా అడవులు. పచ్చి సపోటా కొరికితే పెదవులకు అంటుకునే జిగురే ఆ పాలు. అక్కడి కూలీలు వానకాలంలో చెట్టు బోదెపై వంకరటింకర గాట్లు పెట్టి, కారిన పాలను కాచి దిమ్మలు కట్టేవారు. దీనిని చికిల్ అంటారు. ఒకసారి గాటు పెట్టిన చెట్టును మళ్ళీ కొన్నేళ్ళ వరకు ముట్టరాదు. ఈ దిమ్మలను రబ్బరుకు బదులు వాడవచ్చునని మెక్సికో మాజీ అధ్యక్షుడు సాంటా అన్నా న్యూయార్క్‌లో ప్రవాసంలో వున్నప్పుడు ప్రచారం చేయగా, థామస్ ఆడమ్స్ అనే ఆయన ప్రయత్నించి విఫలుడై, మిగిలిన సరకును నమిలే గమ్‌గా అమ్మి బాగుపడినాడు. గమ్ తయారీ యంత్రానికి ఆయన 1871లో పేటెంటు పొందాడు.

రిగ్లీ కథ మన కిరాణా వర్తకులకు మరింత నచ్చవచ్చు. ఆయన 1891లో చికాగో చేరి సబ్బు అమ్ముతూ, కొన్నవారికి బేకింగ్ పౌడర్ ఉచితంగా ఇచ్చాడు. బేకింగ్ పౌడర్‌కే గిరాకీ ఎక్కువ కనిపించగా ఆ వ్యాపారంలోకి దిగి, దానితో గమ్ ఉచితంగా ఇచ్చాడు. చివరకు గమ్‌కే గిరాకీ పుంజుకొన్నది. కొసరుగా ఇచ్చిన సరకే అసలు సరకైన ఉదాహరణలలో ఇది ఒకటి.

గిరాకీని అడవి తీర్చలేకపోయింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చికిల్ స్థానంలోకి పెట్రోలియం నుంచి తీసిన పాలిమర్లు వచ్చినవి. నేడు మెక్సికోలో కొన్ని చిన్న సహకార సంఘాలు తప్ప చికిల్‌ను నమ్ముకున్నవారు తక్కువ. బజారులో దొరికే గమ్‌లలో అత్యధిక భాగానికి మూలపదార్థం పాలీఐసోబ్యుటిలిన్, పాలీవినైల్ ఎసిటేట్ వంటివే. ఉమ్మివేసిన గమ్ పేవ్‌మెంటుకు అంటుకుని ఎండకు, వానకు చలించకపోవడానికి కారణం ఇదే. ఈ బాధ పడలేకనే సింగపూర్ 1992లో గమ్ అమ్మకాన్ని నిషేధించింది; 2004లో దంతాలకు, సిగరెట్టు మాన్పడానికి పనికివచ్చే రకాలకు మాత్రం సడలింపు ఇచ్చింది.

మొక్కజొన్నలోని తీపి

వ్యవసాయదారునికి సంబంధించిన భాగం ఇక్కడ మొదలవుతుంది. చక్కెర లేని గమ్‌లో తీపి కోసం వేసేది ప్రధానంగా సార్బిటాల్. 1872లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూసింగో ఒక అడవి పండు రసంలో దీనిని కనుగొన్నాడు గాని, నేడు దీనికి ఆధారం పిండిపదార్థమే. మొక్కజొన్న గింజను నానబెట్టి స్టార్చి తీస్తారు. స్టార్చిని గ్లూకోజుగా మారుస్తారు. గ్లూకోజు ద్రావణంలోకి నికెల్ సమక్షంలో ఒత్తిడితో హైడ్రోజన్ పంపితే సార్బిటాల్ వస్తుంది. క్వింటాలు మొక్కజొన్నకు 60 కిలోలకు పైగా స్టార్చి దిగుతుంది. 70 శాతం గాఢత గల పాకంగా దీనిని డ్రమ్ములలో అమ్ముతారు. మన దేశంలో గుజరాత్ తయారీదారులకు ఇందులో పేరున్నది. దీని తీపి చక్కెరలో సుమారు 60 శాతం. గ్రాముకు చక్కెర 4 కేలరీలు ఇస్తే ఇది 2.6 ఇస్తుంది. గమ్ కంటే పళ్ళపేస్టు, దగ్గుమందు తయారీదారులే దీనికి పెద్ద ఖాతాదారులు.

జైలిటాల్ దీనికంటే ఖరీదైన సరకు. తీపిలో చక్కెరతో సమానం. బర్చి చెట్టు కలప నుంచి, మొక్కజొన్న కంకి బెండ్ల నుంచి తీస్తారు. ఫిన్లాండులోని టుర్కు నగరంలో 1970 ప్రాంతాల జరిగిన పరీక్షలలో ఇది పంటి పుచ్చును తగ్గిస్తుందని తేలిన మీదట, 1975లో జైలిటాల్ గమ్ అక్కడ అమ్మకానికి వచ్చింది. గింజ ఒలిచిన తరువాత పొయ్యిలోకి పోయే బెండుకు ఇటువంటి గిరాకీ వున్నదంటే మన రైతులు నమ్మకపోవచ్చు. ఇళ్ళలో కుక్కలు వున్నవారు మాత్రం జైలిటాల్ గమ్ వాటికి అందకుండా చూసుకోవాలి. మనిషికి హాని చేయని ఈ తీపి కుక్కలకు విషం.

పుదీనా నూనె సంగతి చెప్పనవసరం లేదు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ, సంభల్ ప్రాంతాల మెంథా నూనె ప్రపంచమంతటికీ పోతుంది. కర్మాగారాలలో తయారయ్యే కృత్రిమ మెంథాల్ దీనికి గట్టి పోటీ. గమ్ బిళ్ళపై గట్టి పొర నిలవడానికి వాడే అరబ్బీ బంకకు సూడాన్ ప్రధాన ఆధారం. అమెరికా 1997లో సూడాన్‌పై వాణిజ్య ఆంక్షలు విధించినప్పుడు కూడా ఈ బంకకు మినహాయింపు ఇచ్చిందంటే దాని అవసరం ఎంతటిదో వూహించుకోవచ్చు. అక్కడ 2023 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పటి నుంచి కొనుగోలుదార్లకు సరఫరా బెంగ పట్టుకొన్నది.

కాగితం మీద లెక్క

ఇక చక్కెర గిరాకీ మాట. కోటి మంది రోజూ మూడు చక్కెర లేని గమ్‌లు నమిలి, ఆ బ్రిటిష్ పరీక్షలో తేలినట్లు తలా 9 గ్రాముల చక్కెర తగ్గించుకున్నారని అనుకుందాము. ఇది ఉదారమైన అంచనా. మనిషికి ఏడాదికి 3 కిలోల 285 గ్రాములు. కోటి మందికి సుమారు 33 వేల టన్నులు. దేశం ఒక్క రోజులో వాడే చక్కెర 76 వేల టన్నులకు పైగా వుంటుంది. అంటే ఏడాది పొడుగునా కోటి మంది పట్టుదలతో గమ్ నమిలితే ఆదా అయ్యేది దేశానికి పది గంటల వాడకం. నూటికి పది రికవరీ, ఎకరాకు 30 టన్నుల దిగుబడి చొప్పున చూస్తే 11 వేల ఎకరాల చెరకు. చక్కెర మిల్లు వారు దీనికి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

మొక్కజొన్న రైతు సంతోషపడడానికీ ఇందులో పెద్దగా ఏమీ లేదు. బిళ్ళకు గ్రాము సార్బిటాల్ చొప్పున కోటి మందికి కావలసింది ఏడాదికి 11 వేల టన్నులు. అందుకు పట్టే మొక్కజొన్న 17 వేల టన్నుల చిల్లర. దేశపు పంట 3.5 కోట్ల టన్నులకు పైబడిన మాట. పదివేలలో అయిదు వంతులు. నిజామాబాద్, కర్నూలు యార్డులలో ధరను కదిలించేవి కోళ్ళ దాణా, స్టార్చి మిల్లులు, ఇటీవల ఇథనాల్ డిస్టిలరీలు. ఇథనాల్ గిరాకీ వల్లనే 2024లో ఎగుమతులను దిగుమతులు మించిపోయినవి.

చెరకు విషయంలోనూ ఇంతే. బోధన్‌లో నిజాం కాలంలో నెలకొల్పిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అనకాపల్లి చుట్టుపక్కల గానుగలు తగ్గినవి. జనం తీపి మానివేసినందువల్ల కాదు ఇవి జరిగింది. కూలి ఖర్చులు, బకాయిలు, ఇతర పంటల ఆకర్షణ దీనికి కారణాలు. సరకు బజారుకు గమ్ శత్రువూ కాదు, మిత్రమూ కాదు. అయితే పై లెక్కలో 3 కిలోల 285 గ్రాములు దేశానికి చిన్నది గాని మనిషికి చిన్నది కాదు. తలసరి 20 కిలోల వాడకంలో అది ఆరవ వంతు. డాక్టరు తగ్గించమన్న వ్యక్తికి ఆరవ వంతు తగ్గితే అది తగ్గినట్టే.

లేబులు చదవని బేరం

ఈ లెక్క చెడగొట్టే అంశం ఒకటున్నది. రూపాయి బిళ్ళలలో చాలా భాగం చక్కెర వేసి చేసినవే. మామూలు గమ్ బరువులో సగానికి మించి చక్కెర వుంటుంది. బిళ్ళకు సుమారు రెండు గ్రాములు. రోజుకు మూడు నమిలితే ఆరు గ్రాములు. తొమ్మిది గ్రాములు ఆదా చేయబోయి ఆరు గ్రాములు మింగినట్లు. బుడగలు ఊదే రకాలలోనూ ఇదే తంతు. చక్కెర రహితం అని వేయాలంటే నూరు గ్రాముల సరకులో అర గ్రాముకు మించి చక్కెర వుండరాదని నిబంధన వున్నది. ఆ మాట లేని గమ్‌ను చక్కెర వ్యాధి వున్నవారు మిఠాయి కిందనే జమకట్టుకోవాలి.

చక్కెర లేనిది కదా అని రోజంతా నమలడమూ క్షేమం కాదు. సార్బిటాల్ కడుపులో పూర్తిగా ఇమడదు. జర్మనీలో రోజుకు 15, 20 గమ్‌లు నమిలిన ఇద్దరు విరేచనాలతో, విపరీతంగా బరువు తగ్గి ఆసుపత్రిలో చేరగా, కారణం ఇదేనని వైద్యులు కనుగొన్న వైనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది. గమ్ మాన్పించగానే ఇద్దరూ కోలుకున్నారు. విరేచనకారి కావచ్చునన్న హెచ్చరిక ఇటువంటి ప్యాకెట్లపై చిన్న అక్షరాలతో వుంటుంది. దవడ కీలు నొప్పి వున్నవారు, కట్టుడు పళ్ళు వున్నవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

నమలడం మనకు కొత్త కాదు. భోజనానంతరం వక్క, లవంగం, ఏలకి, సోంపు నోట్లో వేసుకోవడం తీపి కోరికను అణచే ఉపాయంగా ఎవరూ చెప్పకపోయినా, చేసే పని ఇంచుమించు అదే. వీటిలో వక్కను మాత్రం ఇందుకు సిఫారసు చేయలేము. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2004లో ప్రకటించింది. సోంపు బస్తాలు గుజరాత్‌లోని ఊంఝా నుంచి, రాజస్థాన్ నుంచి వస్తాయి. కిళ్ళీ కొట్లలో దొరికే రంగు చక్కెర పూత వేసిన సోంపు కాదు, ఉత్త సోంపు. చెంచాడు నమిలితే ఖర్చు పైసలలో వుంటుంది.

పొడపత్రి సంగతి ఇంకా విడ్డూరం. దీని ఆకు రెండు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్లుంటుంది. తీపి కొంతసేపు బొత్తిగా తెలియదు. ఆ గుణానికి కారణమైన పదార్థాన్ని ఊటీలో పనిచేసిన డేవిడ్ హూపర్ 1887లో వేరుచేశాడు. దానితో చేసిన చప్పరింపు బిళ్ళలు వేసుకున్నవారు మిఠాయి తక్కువ తిన్నారని 2017లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. గమ్ తీపిని బదులిస్తుంది. పొడపత్రి తీపినే ఎగరగొడుతుంది. ఎండుటాకు సత్తు తీసే కంపెనీలకు పోతున్నది. మందులు వాడుతున్న మధుమేహ రోగులు ఈ ఆకును డాక్టరు నడగకుండా రోజూ వాడరాదు. రక్తంలో చక్కెరను తగ్గించే గుణం దీనికి వున్నదంటారు కనుక, మందుతో కలసి మరీ తగ్గే ప్రమాదమున్నది.

ప్రస్తుతం వున్న చిక్కు సరకు చేరవలసిన చోటికి చేరకపోవడం. చక్కెర లేని గమ్ పట్నాలలో మందుల షాపులలో, పెద్ద బజారులలో డబ్బాలుగా దొరుకుతున్నది. బిళ్ళ ధర రూపాయి సరకుకు కొన్ని రెట్లు. తాలూకా స్థాయి కొట్లలో దీనిని నిల్వ చేయడానికి వర్తకులు వెనుకాడుతున్నారు. అమ్మకం నెమ్మది, వేసవిలో గమ్ మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది, డబ్బా విప్పితే తేమ తగిలి పాడవుతుంది. కనుక పల్లెలో మధుమేహం వున్న వ్యక్తి గమ్ అడిగితే అతని చేతికి వచ్చేది సీసాలోని చక్కెర బిళ్ళే. సార్బిటాల్ బిళ్ళను విడివిడిగా, వేడికి తట్టుకునే కాగితంలో చుట్టి, రెండు రూపాయలకు అమ్మగల తయారీదారుకు ఈ బజారు తెరిచే వున్నది.